చేతి పనికి యోగ్యతా పత్రము

(వేములవాడయందు సమావేశమైన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



శ్రీ రాజరాజేశ్వరస్వామివారి సన్నిధానమున కూడిన ఈ మహాసభలో మాకు నిర్ణయింపబడిన విషయము, చిరకాలానుభవము గల మోటారు మెకానిక్కులకు యోగ్యతా పత్రములను గూర్చినది. వసతిగృహ నిర్మాణము, విద్యార్థి వేతనములు మున్నగు పెద్ద విషయముల నడుమ పానాల ప్రసంగమేలయని కొందరికి తోచవచ్చును. అట్టివారు తమ బంధువర్గములోని యువకులను ఒకసారి లెక్కించి చూచెదరుగాక. కొలిమి యెదుట కూర్చున్నవారెందరు? మోటారుబండి క్రింద పరుండి పనిచేయుచున్నవారెందరు? ఈ లెక్క తీసినవారికి మా విషయము చిన్నదిగా తోచదని నమ్ముచున్నాము.

మన పెద్దలు ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టా కాల్చి యెక్కించిరి, నాగటికఱ్ఱు సాగగొట్టిరి. మోటారు వచ్చిన పిదప ఆ కొలిమియే లారీ కమానుపట్టీలను సరిచేయుటకు ఉపయోగపడినది. నిజాము రాష్ట్రమున రైల్వే శాఖవారి రోడ్డు రవాణా విభాగము 1932లో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రారంభమైనది. ఆనాటి నుండి ఈ ప్రాంతమున మోటారుల సంఖ్య పెరిగినకొలది వానిని బాగుచేయువారి సంఖ్యయు పెరిగినది. పల్లెటూరి పిల్లవానికి మోటారుపని నేర్పిన బడి ఏది? ఉస్తాదుగారి షెడ్డే. మొదటి సంవత్సరము బండి కడుగుట, రెండవ సంవత్సరము పన్నెండు-పదమూడు పానా అడిగినప్పుడు తప్పక అదే అందించుట, మూడవ సంవత్సరము ఉస్తాదుగారి యెదుట నట్టు విప్పుట. ఇట్లు మెట్టుమెట్టుగా విద్య చేతికి వచ్చెడిది. ఆ బడిలో హాజరు పట్టిక లేదు, పరీక్ష లేదు, తుదకు పత్రమును లేదు. ఉస్తాదుగారు తాళపుచెవి ఇచ్చి, "ఈ బండి నీవు చూడు" అని పలికిన దినమే పట్టప్రదానము.

ఈ బడిని మేము తక్కువ చేయుటలేదు. మేమును అందులో చదివినవారమే. ఇరువది యెనిమిది సంవత్సరములు ఈ ఊరిలో షెడ్డు నడిపినవారమే. శివరాత్రి జాతరనాడు నలుదెసలనుండి భక్తుల బండ్లు వచ్చును. అర్ధరాత్రివేళ త్రోవలో నిలిచిపోయిన జీపునొద్దకు మన పనివాడు పోయి, బానెట్టు ఎత్తకమునుపే ఇంజను చప్పుడు విని, వ్యాధి యెచ్చట నున్నదో చెప్పును. పిల్లాపాపలతో చీకటిలో నిలిచిన సంసారి ఆ క్షణమున పత్రము చూపుమని యడుగడు. బండి కదలినచో చాలును.

కావుననే గడచిన సంవత్సరము ఈ మాట సంఘమున ప్రస్తావించినప్పుడు వృద్ధులొకరు లేచి, "నా చేయి చూచి బండి యిచ్చువారుండగా నాకు కాగితమెందుకు?" అని ప్రశ్నించిరి. సభవారు చప్పట్లు చరచిరి. మేమును చరచితిమి. ఏడాది పొడవునను ఆ ప్రశ్నను మనస్సున త్రిప్పిచూచితిమి. నేడు మా ప్రత్యుత్తరమిది: మన చేయి ఎరిగినవారున్నంత మేర ఆ కాగితము అక్కరలేదు. కాని ఆ మేర ఎంత? ఒక ఊరు, మించినచో ఒక తాలూకా. దానిని దాటి అడుగు వేసిన క్షణమున, ఇరువదియేండ్ల పనివాడును, నిన్న పని మొదలిడినవాడును ఒక్కటియే యగుచున్నారు.

ఇది ఊహించి చెప్పుమాట కాదు. మా మేనల్లుడు పదునాలుగవ యేట మా షెడ్డున చేరి పదునెనిమిది సంవత్సరములు పనిచేసినవాడు. వివాహానంతరము నెలజీతముండిన బాగుండునని, పట్టణమున ఒక కంపెనీ సర్వీసు కేంద్రమునకు పోయి పని యడిగెను. అచ్చటివారు మర్యాదగనే మాటలాడిరి. "ఐ.టి.ఐ. చదివితివా? వేరే యేదైన సర్టిఫికేటున్నదా?" అని యడిగిరి. లేదని చెప్పగా బండ్లు కడుగు చోట పనియున్నదనిరి. ఇంజను మొత్తము విప్పి బిగింపగలవాడు గొట్టముతో నీళ్ళు చిమ్ముచు నాలుగు మాసములు గడపి తిరిగి వచ్చెను. ఆ కేంద్రమువారిని మేము నిందింపము. వారు వాని చేతిని చూడలేదు. చూచుటకు వారికి తీరిక లేదు. చూపుటకు వానియొద్ద సాధనము లేదు. తప్పు ఆ సాధనము లేకపోవుటయందే యున్నది.

మన వృత్తులలోనిదే యొక దృష్టాంతము చెప్పెదము. స్వర్ణకార సోదరులు ఈ సభలో పెక్కురున్నారు. తరతరములుగా వారి మాటయే బంగారమునకు ముద్ర. ఒరగల్లుపై గీసి చూపినచో కొనువారు నమ్మెడివారు. భారతీయ ప్రమాణముల సంస్థవారు 2000లో బంగారు నగలకు హాల్‌మార్కు ముద్రను ప్రవేశపెట్టిరి. 2021 జూన్‌లో 256 జిల్లాలలో దానిని తప్పనిసరి గావించిరి. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరక్షరముల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్కు నగను అట్టి జిల్లాలలో అమ్మరాదని నిర్ణయించిరి. నాడు మనవారెంత కలత చెందిరో మీరెరుగుదురు. ముద్రవలన బంగారము వన్నె గోరంతయు పెరుగలేదు. అయినను ఊరు కాని ఊరినుండి వచ్చినవాడు ఆ ముద్ర చూచి కొనుచున్నాడు. ముద్రకు ముందే సిద్ధపడినవారు నిలిచిరి, "మా మాట చాలదా?" అని కూర్చున్నవారి బేరము పెద్ద దుకాణములకు తరలినది. నేడు మెకానిక్కు సోదరుల యెదుట నిలిచినదియు అదే ప్రశ్న. పనివానికి పత్రము హాల్‌మార్కు వంటిది. అది పనితనమును పుట్టింపదు. ఉన్న పనితనమును ఎరుగనివారికి తెలుపును.

మరియొక విడ్డూరము గమనింపుడు. మన సిరిసిల్ల సమీపమున మండెపల్లియందు వాహనచోదకులకు శిక్షణ యిచ్చు పెద్ద సంస్థ 2021లో ప్రారంభింపబడినది. బండి నడుపువానికి లైసెన్సు ఉండితీరవలెనని మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. ఆ బండికి బ్రేకులు బిగించువానికి మాత్రము ఏ పత్రమునుండి తీరవలెనను చట్టము మన దేశమున లేదు. నలువదిమంది ప్రాణములు చక్రము పట్టినవాని చేతిలో ఎంత యున్నవో, బ్రేకు బిగించినవాని చేతిలోను అంతయే యున్నవి గదా! జర్మనీ దేశమున సాధారణముగా ఉస్తాదు పరీక్షలో నెగ్గినవారు బాధ్యత వహించిననే మోటారు మరమ్మతు కార్ఖానా నడపుటకు అనుమతి. 1953 నాటి వృత్తుల చట్టము దీనికాధారము. అమెరికాలో అట్టి నిర్బంధము లేకున్నను, 1972లో స్థాపితమైన వాహన సేవా యోగ్యతా సంస్థవారు బ్రేకులు, ఇంజను, విద్యుత్తు మున్నగు భాగములకు వేర్వేరు పరీక్షలు జరుపుచున్నారు. పరీక్షలో నెగ్గినంతమాత్రమున వారు పత్రమీయరు. రెండు సంవత్సరముల అనుభవమును చూపవలెను. అంతియకాక అయిదేండ్లకొకసారి మరల పరీక్ష యీయవలెను. అనుభవమును, పరీక్షయు కలిసిననే పత్రమను ఈ నియమము మనకు నచ్చదగినది.

ఇక మన దేశమున లభించు పత్రములెవ్వి, ఏది యెవరికి తగినది అను విషయము విశదపరచెదము. ఈ భాగమును మెకానిక్కు సోదరులు శ్రద్ధతో వినవలెనని మనవి.

మొదటిది ఐ.టి.ఐ. మార్గము. కేంద్ర ప్రభుత్వమువారు 1950లో ప్రారంభించిన శిక్షణ పథకము క్రింద ఈ విద్య నడచుచున్నది. మోటారు వాహన మెకానిక్కు తరగతి రెండు సంవత్సరములది; డీజిలు మెకానిక్కు తరగతి ఒక సంవత్సరముది. ముగింపున జాతీయ వృత్తి పత్రమిత్తురు. దేశమంతట మన్నన గలది ఇదియే. తెలంగాణ ప్రభుత్వమువారు 2024లో 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను నూతన యంత్రములతో ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చు పని చేపట్టిరి. పదవ తరగతి నెగ్గిన మన పిల్లలకు ఈ మార్గము శ్రేష్ఠము. రెండవది 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించినది. పెద్ద కార్ఖానాలో భత్యము పొందుచు పని నేర్చి, పరీక్షలో నెగ్గినవారికి అప్రెంటిసు పత్రము లభించును.

ఈ రెండును పిల్లలకు. నలువదియేండ్ల ఉస్తాదు, ఇల్లు గడుపవలసినవాడు, షెడ్డు మూసి రెండేండ్లు బడికి పోగలడా? అట్టివారికొరకు ఏర్పడినదే మూడవ మార్గము. దీనికి పూర్వానుభవ గుర్తింపు అని పేరు, ఆర్.పి.ఎల్. అని వాడుక. "నీవెచ్చట నేర్చితివి?" అని యడుగక "నీకేమి వచ్చును?" అని మాత్రమే యడుగు పరీక్ష యిది. 2013 డిసెంబరులో కేంద్రమువారు ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రము దీనికి పునాది. షెడ్డులో నేర్చినను బడిలో నేర్చినను పనితనమొక్కటియైనచో స్థాయి యొక్కటియే యనుట దాని యాశయము. 2015 జూలైలో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస యోజనలో ఈ గుర్తింపు ఒక భాగమైనది. వాహన నిర్మాతలు, విడిభాగముల తయారీదారులు, విక్రేతలు ప్రభుత్వముతో కూడి 2011లో స్థాపించిన వాహన నైపుణ్యాభివృద్ధి మండలి, ద్విచక్ర వాహనములకును, కార్లు మొదలగువానికిని, విద్యుత్తు పనికిని వేర్వేరు ప్రమాణములు నిర్ణయించినది. కావున స్కూటర్లు బాగుచేయువాడు లారీ పరీక్షకు కూర్చుండనక్కరలేదు.

ఇది జరుగు తీరు వినుడు. మొదట అభ్యర్థి యే పనివాడో, ఎన్నేండ్ల యనుభవమో విచారింతురు. తరువాత కొలది గంటల ముందస్తు పాఠము. 2016 మొదలు 2020 వరకు జరిగిన విడతలో ఈ పాఠము కనీసము 12 గంటలు. పరీక్షకు రుసుము లేదు. నెగ్గినవారికి ప్రభుత్వమువారు 500 రూపాయలు బహుమానమిచ్చిరి. 2022-26 కాలమునకు ఉద్దేశింపబడిన నాల్గవ విడత నియమములలో 18 మొదలు 59 ఏండ్ల వయస్సువారికి ఇందు అవకాశము కల్పింపబడినది. పాఠము చెప్పినవారు పరీక్షింపరు. వేరొక సంస్థవారు వచ్చి కొన్ని ప్రశ్నలడిగి, పని చేయించి చూచి మార్కులు వేయుదురు. విడతలు మారినకొలది నియమములును మారుచుండును గనుక, నాటికి నడచుచున్న నియమమేదో ప్రభుత్వ ఐ.టి.ఐ.లో విచారించి పోవుట మేలు.

ఈ పరీక్ష యెట్టిదో చూడవలెనని మేమును ఏబదియవ యేట కూర్చుంటిమి. నిజము చెప్పుటకు సిగ్గుపడము. సిలిండరు హెడ్డు బోల్టులు బిగించి చూపుమనిరి. మేము మా యలవాటు చొప్పున చేతి బిగువు చూచుకొని, నిమిషములో బిగించి నిలిచితిమి. పరీక్షకుడు మా కుమారుని యీడువాడు, "పెద్దయ్యా, ఒకసారి కొలిచి చూతమా?" అని బిగువును కొలుచు టార్క్ రెంచి చేతికిచ్చెను. నాలుగు బోల్టులు చూడగా నాలుగును నాలుగు విధములుగా నుండెను! అట్లుండినచో హెడ్డు వంగును, గ్యాస్కెట్టు కాలును, నీరు నూనెలో కలియును. ఏయే బండ్లు మా షెడ్డునకు ఆరు మాసములలో మరల వచ్చినవో, గ్యాస్కెట్టు నాసిరకమని మేమెందరితో చెప్పితిమో, అవి యన్నియు ఆ క్షణమున మాకు జ్ఞాపకము వచ్చినవి. మధ్యనుండి అంచులకు వరుసగా, రెండు మూడు విడతలుగా, కంపెనీవారు చెప్పిన కొలత చొప్పున బిగింపవలెనని అంతకుముందు వినియుంటిమి, చేయలేదు. మేము పరీక్షలో నెగ్గితిమి. కాని పత్రముకంటె ఆ నాలుగు బోల్టులే మాకెక్కువ నేర్పినవి.

అనుభవజ్ఞులు సాధారణముగా వెనుకబడునది చేతిపనిలో కాదు. కొలిచి చేయుట, చేసినది వ్రాసియుంచుట, ప్రాణరక్షణ పాటించుట, ఈ మూడింటియందే. బ్రేకు డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదుదుము. అది ఊపిరితిత్తులలో చేరును. జాకీమీద నిలిచిన బండి క్రిందికి దిమ్మలు పెట్టకయే దూరుదుము. వాడిన ఇంజను నూనెను కాలువలో పోయుదుము. అది అపాయకరమైన వ్యర్థమని 2016 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఇవి ఉస్తాదులు మనకు నేర్పలేదు, వారికిని ఎవరును నేర్పలేదు.

బండియును మునుపటి బండి కాదు. 2017 ఏప్రిల్‌లో భారత్ స్టేజి నాలుగు దేశమంతట అమలులోనికి వచ్చెను. అయిదవదానిని దాటి 2020 ఏప్రిల్ 1 నుండి ఆరవ స్టేజి వచ్చెను. దానితో కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపుగా మాయమై, కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి ఇంధనము చిమ్ము పరికరము వచ్చినది. డీజిలు బండ్లకు మసిని పట్టు జల్లెడ వచ్చినది. చెవితో విని వ్యాధి చెప్పు విద్య యిప్పటికిని విలువైనదే. కాని దోషసంఖ్యను చదువు స్కానరు చేత లేక ఆ విద్య సగమే. ఇక విద్యుత్ కార్లలో నారింజరంగు తీగ కనబడినచో అది హెచ్చు వోల్టేజి తీగ. దానియందు తడవి నేర్చుకొందమనుట ప్రాణముతో చెలగాటము. కావున పూర్వానుభవ పత్రము పూర్వపు బండికి సాక్ష్యము. కొత్త బండికి కొత్త పాఠము కావలయును. ఇల్లలుకగానే పండుగ కాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన విషయ మింకొకటి గలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడలలో గల్ఫు దేశమునకు పోయినవాడు లేని వీధి అరుదు. మెకానిక్కుగా పోవలెనని బయలుదేరి, పత్రము లేనందున కూలి వీసాపై పోయి, ఎండలో మట్టి మోసినవారిని మేమెరుగుదుము. ఇంటికి వ్రాసినప్పుడు మాత్రము మోటారు పనియే చేయుచున్నామని వ్రాసిరి. సౌదీ అరేబియా ప్రభుత్వమువారు విదేశీ పనివారికి నైపుణ్య పరీక్ష పెట్టిరి. 2022 చివర మన దేశమున ఇది ఆరంభమైనప్పుడు తొలి విడతలో అయిదు వృత్తులుండగా, ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, శీతల యంత్రముల పనివాడు అనువారితోపాటు మోటారు విద్యుత్ పనివాడును అందు చేరెను. ప్రశ్నలకు ఉత్తరములిచ్చుటయే కాక పని చేసి చూపవలెను. మన దేశపు పత్రమున్నంతమాత్రమున ఈ పరీక్ష తప్పదు. అయినను ఇచ్చట ఒకసారి పరీక్షకు కూర్చుండినవాడు అచ్చట తడబడడు. మరియు పదవ తరగతి నెగ్గనివారి పాస్‌పోర్టుపై గల్ఫు ప్రయాణమునకు ప్రభుత్వపు ప్రత్యేకానుమతి కావలయును. సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి ముగించుటకు వయస్సు అడ్డురాదు. ఇదియు ఒక యోగ్యతా పత్రమే గదా!

పత్రము చేయజాలనివియు స్పష్టముగా చెప్పవలెను. లేనిచో ఆశచూపి వంచించినట్లగును. ఆర్.పి.ఎల్. పత్రము ఐ.టి.ఐ. పత్రమునకు సమానముగా అన్ని ప్రభుత్వోద్యోగములకు చెల్లదు. అది యుద్యోగమునకు హామీ కాదు. బ్యాంకు ఋణమునకు అది షరతు కాదు. 2015 నుండి నడచుచున్న ముద్రా ఋణములు మరమ్మతు షెడ్లకును లభించును, అర్జీతో పత్రము జతపరచినచో పనివాడని చూపుటకు ఆధారమగును, అంతే. ఇంకొక పొరపాటును గూడ తొలగింపవలెను. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున మెకానిక్కులును చేరవచ్చునని కొందరు ప్రచారము చేయుచున్నారు. అందు 18 వృత్తులు గలవు. కమ్మరి, వడ్రంగి, స్వర్ణకారుడు, శిల్పి అందున్నారు. మోటారు మెకానిక్కు లేడు. కొలిమి నడుపు తండ్రికి అందు 15,000 రూపాయల పనిముట్ల సాయము, 5 శాతము వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల ఋణము లభింపగా, అదే యింట మోటారు బాగుచేయు కుమారుని పేరు ఆ పట్టికలో లేదు. కావుననే ఆ కుమారునికి ఈ గుర్తింపు మార్గము మరింత యవసరము.

కొనుక్కొనిన పత్రమును గూర్చియు ఒక మాట. ఇన్ని రూపాయలిచ్చినచో పరీక్ష లేకయే పత్రము తెచ్చి యిత్తుమనువారు బయలుదేరియున్నారు. పని చేయించి చూడనివాడు ఇచ్చు పత్రము పత్రము కాదు. వృత్తివిద్యలకు నియంత్రణాధికారిగా 2018లో ప్రకటింపబడిన జాతీయ మండలి గుర్తించిన సంస్థ యిచ్చినదా, స్థాయి వ్రాసియున్నదా, సంఖ్యను బట్టి సరిచూచుకొను వీలున్నదా అని మూడు ప్రశ్నలు వేసికొనుడు. దొంగ ముద్ర వేసిన నగ ఒక్కటి బయటపడినచో వీధిలోని నిజాయితీపరులందరి బేరము చెడును. దొంగ పత్రమును అట్టిదే.

ఇక సంఘమువారికిని దాతలకును మా విన్నపములు నాలుగు.

మొదటిది, ఈ నాలుగు పట్టణములలోను వాని చుట్టుప్రక్కల గ్రామములలోను గల మన మెకానిక్కుల నమోదు పుస్తకము ఒకటి వ్రాయింపవలెను. పేరు, అనుభవము, ఏ బండ్లపని, చదువు, పత్రమున్నదా లేదా అను అయిదు గడులు చాలును. ఎందరున్నారో తెలియక ఎవరికి సాయము చేయగలము?

రెండవది, అభ్యర్థులను చేర్చి, పరీక్షా శిబిరము ఇచ్చటికే రప్పించుటకు ప్రయత్నింపవలెను. షెడ్డు మూసిన రెండు మూడు దినములు ఇల్లు గడచుటకు పేద పనివారికి దినకూలి నిచ్చు నిధిని దాతలు నెలకొల్పవలెను. రుసుము లేని పరీక్షకును పనివాడు రాకపోవుటకు కారణము ఆ కూలి నష్టమే.

మూడవది, సంఘ భవనమున ఒక గది ప్రత్యేకించి, టార్క్ రెంచి, మల్టీమీటరు, స్కానరు మున్నగు పరికరములను ఉమ్మడిగా నుంచవలెను. ఒక్కొక్క షెడ్డువాడు కొనలేనివి పదిమంది కలిసిన కొనగలరు.

నాలుగవది, ధనముతో పనిలేనిది. పని చేయనివానికి అనుభవమున్నదని మన ఉస్తాదులెవ్వరును వ్రాసియీయరాదు. పని చేసినవానికి వ్రాసియిచ్చుటకు వెనుదీయరాదు. తనను విడిచిపోవునను భయమున శిష్యునికి రెండు వాక్యముల చీటి వ్రాసియీయని ఉస్తాదులు మనలో కలరు. మేమును ఒకప్పుడట్లు చేసితిమి. మేనల్లుడు సర్వీసు కేంద్రమునకు పోవుచు మామొద్ద చీటి యడిగినప్పుడు, "నీ చేయి చాలదా?" అని పంపివేసితిమి. వాడు నీళ్ళ గొట్టము పట్టుటలో మా పాలును గలదు.

ఆ పిల్లవాడు తరువాత పరీక్షకు కూర్చుండి నెగ్గెను. పత్రము వచ్చిన మరునాడే జీతము పెరుగలేదు. మరునాడే ఎవరును పిలువలేదు. రెండవ యత్నమున వేరొకచోట వానిచేత ఇంజను విప్పించి చూచిరి. అంతియే వాడు కోరినది. అంతియే పత్రము చేసినది. తలుపు తెరచినది, లోపలికి పోయినది వాని చేయియే.

వృద్ధులొకరు వేసిన ప్రశ్నకు మా ప్రత్యుత్తరము ఇప్పుడు ముగించుచున్నాము. పెద్దలారా! మీ చేయి మేమెరుగుదుము. మీకు పత్రమక్కరలేకపోవచ్చును. కాని మీయొద్ద పని నేర్చినవాడు రేపు ఏ ఊరిలో, ఏ దేశమున నిలిచి తన చేతిని చూపవలసివచ్చునో మీరెరుగరు. అచ్చట మీ పేరు ఎవరికిని తెలియదు. మీరు మొదట పరీక్షకు కూర్చున్నచో శిష్యులు వెనుక కూర్చుందురు. మీరు నవ్వి త్రోసివేసినచో వారును నవ్వి త్రోసివేయుదురు.

రాబోవు మహాసభనాటికి నమోదు పుస్తకము మొదటి పుట నిండియుండునను నమ్మకముతో సెలవు తీసికొనుచున్నాము.

స్వస్తి.